పిల్లలకు మరో పీరియడ్ వద్దు, చెట్టు కింద అరగంట ఇద్దాం



సంక్రాంతి సెలవులు అయిపోయి పరీక్షలు దగ్గరపడే కొద్దీ మా ఓపీలో ఒక రకం రోగులు ఎక్కువవుతారు. వయసు పన్నెండు నుంచి పద్దెనిమిది లోపు. తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి లేకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, గుండె దడ. రక్తపరీక్ష చేస్తాం, మూత్రపరీక్ష చేస్తాం, అవసరమనుకుంటే స్కానింగు తీస్తాం. చాలామందిలో ఏ లోపమూ కనబడదు. "గుంటడికి ఏటీ నేదంటన్నారు, మరి రోజూ పొద్దున్నే కడుపట్టుకుని ఎందుకు ఏడుస్తన్నాడు డాక్టరుగారూ?" అని తల్లి అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. దానికి మేము చాలాసార్లు ఒక టానిక్కు సీసా, పది బి-కాంప్లెక్సు మాత్రలు రాసి పంపేస్తున్నాం. అది సరైన జవాబు కాదని మాకు తెలుసు. బయట క్యూ పొడవుగా ఉంటుంది, మాటకు సమయం ఉండదు. ఈ సంచికలో ఆ బాకీ తీర్చుకుందామనుకుంటున్నాం.

ముందుగా ఒక మాట. ఆ పిల్లవాడు నటించడం లేదు. భయం, ఒత్తిడి ఎక్కువైనప్పుడు శరీరం ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, పేగుల కదలిక మారిపోతుంది. పాము కనబడినప్పుడు పరుగెత్తడానికి దేవుడు మనకిచ్చిన ఏర్పాటు ఇది. పాము వెళ్ళిపోతే శరీరం మళ్ళీ నెమ్మదిస్తుంది. కానీ పరీక్ష అనే పాము రోజూ ఉదయం ఐదు గంటలకు లేపుతుంటే, రాత్రి పదింటికి కూడా గది గుమ్మంలోనే ఉంటే, శరీరానికి నెమ్మదించే వేళే దొరకదు. అందుకే ఆ కడుపునొప్పి నిజమైన నొప్పి. దానికి మందు సీసాలో లేదు.

ఇలాంటి పిల్లలను మేము ఈమధ్య ఒక ప్రశ్న అడుగుతున్నాం. "ఏ పనీ లేకుండా, ఫోన్ లేకుండా, చెట్టు కిందో గట్టు మీదో ఊరికే కూర్చుని ఎన్నాళ్ళైంది?" చాలామంది మా ముఖం వింతగా చూస్తారు. కొందరు తల్లివైపు చూస్తారు. తెల్లవారుజామున ట్యూషన్, తరువాత బడి, బడి తరువాత మళ్ళీ ట్యూషన్, ఇంటికొచ్చాక హోంవర్కు, ఆ మీద కాస్త తీరిక దొరికితే ఫోన్. నాగావళి ఒడ్డున పుట్టిన బిడ్డ ఏడాదిలో ఒక్కసారైనా ఏటి నీటిని నిలబడి చూడని పరిస్థితి వచ్చింది.

విషయం ఎంత దూరం వెళ్ళింది

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. 2021లో ఆ సంఖ్య 13,089. అంటే రోజుకు ముప్పై ఐదు మందికి పైగా. ప్రతి మరణం వెనుక అనేక కారణాలుంటాయి, అన్నింటినీ పరీక్షల మీదకు నెట్టడం సరికాదు. అయినా ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే ఏప్రిల్ నెల అంటే మన తెలుగు ఇళ్ళలో ఎంత భయమో మీకు చెప్పనక్కరలేదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించవలసిన 15 మార్గదర్శకాలను ఇచ్చింది. వందమంది లేక అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలని అందులో ఒకటి. మంచి తీర్పు. అది అమలు కావాలి. కానీ కౌన్సిలర్ దగ్గరికి పిల్లవాడు వెళ్ళేది గాయం తగిలాక. గాయం తగలకముందు రోజూ వాడికి కాస్త ఊపిరి ఆడే చోటు ఎక్కడ? ఆ చోటు మన ఇంటి పెరట్లోనూ, బడి ఆవరణలోనూ, చర్చి కాంపౌండులోనూ ఉందని మా నమ్మకం. మనం దానికి తాళం వేసుకుని కూర్చున్నాం.

మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బడి అది. అక్కడ పక్షులను గమనించడం, చెట్లను గుర్తుపట్టడం, బీడు పడిన కొండల మీద మొక్కలు పెంచడం చదువులో భాగం. వాటితోపాటు 'అస్తాచల్' అనే ఒక అలవాటు ఉంది. సాయంత్రం పొద్దుగుంకే వేళ పిల్లలు ఒకచోట చేరి, ఏమీ మాట్లాడకుండా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూస్తారు. అంతే. పాఠం లేదు, ప్రశ్న లేదు, మార్కు లేదు.

కృష్ణమూర్తి తత్త్వంతో మనకు ఏకీభావం ఉండనక్కరలేదు. ఆ బడి ఫీజులు మనలో చాలామందికి అందవు కూడా. కానీ సూర్యాస్తమయానికి ఫీజు లేదు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట కనబడే ఆకాశం మదనపల్లె ఆకాశం కంటే తక్కువదేమీ కాదు. బయటికి తీసుకెళ్ళి ప్రకృతిని చూపించడం, చూసినదాని మీద మనసు నిలపడం నేర్పించడం, ఈ రెండూ కలిసిన అలవాటు పిల్లలకు అవసరమని ఆ బడి ఎప్పుడో గ్రహించింది. ఇప్పుడు దీన్నే ప్రపంచమంతా మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. తేట తెలుగులో చెప్పాలంటే, ఇప్పుడు, ఇక్కడ, ఎదుట ఉన్నదాన్ని మనసు పెట్టి గమనించడం.

పరిశోధనలు ఏమంటున్నాయి

ఆసుపత్రి పత్రిక గనుక మూడు సంగతులు చెబుతాం.

మొదటిది ఆసుపత్రిలోనే జరిగింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూశాడు. సగంమంది మంచాల పక్కన కిటికీలోంచి చెట్లు కనబడేవి. మిగతా సగానికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఈ సంగతి 1984లో ప్రచురితమైంది. కిటికీలోంచి కనబడిన చెట్టే అంత చేస్తే, దాని కింద కూర్చోవడం ఎంత చేస్తుందో ఆలోచించండి.

రెండవది కళ్ళకు సంబంధించినది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో ఆరు బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మరో ఆరు బడుల్లో అలా చేయలేదు. మూడేళ్ళ తరువాత చూస్తే, బయట తిరిగిన పిల్లల్లో వందకు సుమారు 30 మందికి దూరపు చూపు మందగించింది. మిగతా బడుల్లో వందకు సుమారు 40 మందికి. ఈ ఫలితం 2015లో వెలువడింది. చిన్న వయసులో కళ్ళజోడు కోసం మా దగ్గరికి వచ్చే బిడ్డల తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మూడవది కాస్త జాగ్రత్త చెప్పేది. ఇంగ్లండు పరిశోధకులు 84 పాఠశాలల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లల మీద ఒక పెద్ద పరిశీలన చేశారు. కొన్ని బడుల్లో ఉపాధ్యాయులే తరగతి గదిలో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో నడిచిన బడుల పిల్లల కంటే ఈ పిల్లల మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర ఆ అభ్యాసం చేయనేలేదు.

దీన్నిబట్టి మాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లల మీద మరో సబ్జెక్టు రుద్దితే లాభం లేదు. ఆరు పీరియడ్లు చెప్పించుకుని అలసిన పిల్లవాడిని అదే బల్ల మీద కూర్చోబెట్టి "ఇప్పుడు కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండు" అంటే అది ఏడో పీరియడ్ అవుతుంది. అదే పిల్లవాడిని బయటికి తీసుకెళ్ళి, చీమల బారు చూపించి, "ఇవి ఎక్కడికి వెళ్తున్నాయో చూసి చెప్పు నాన్నా" అంటే, ఎవరూ చెప్పకుండానే వాడి ఊపిరి నెమ్మదిస్తుంది. బయట తిరగడమూ, నిలిచి చూడడమూ కలిసి ఉండాలి. పరుగులు, కేరింతలు మాత్రమే అయితే అది పిక్నిక్కు. కళ్ళు మూసుకోవడం మాత్రమే అయితే అది మరో క్లాసు.

మన చుట్టూ ఏముంది

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, మార్చి దాటాక వెళ్ళిపోతాయి. ఆ పక్షులు రావడం ఊరికి శుభమని అక్కడివారు నమ్ముతారు, వాటికి హాని చేయనివ్వరు. సైబీరియా నుంచి వస్తాయని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. కానీ ఈ రెండు జాతులూ మన భారత ఉపఖండంలో గూళ్ళు పెట్టుకుని బతికే పక్షులే. ఇది పిల్లలే పుస్తకం వెతికి తెలుసుకుంటే ఎంత మంచి చదువు! ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానల కాలంలో మరో రకం కొంగలు వస్తాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తలను పట్టుకోవడానికి ఆ ముక్కు వాటికి వాటంగా ఉంటుంది.

మన తీరానికి జనవరి నుంచి మార్చి మధ్యలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట వచ్చి ఇసుకలో సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్తాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికి వచ్చి సముద్రం వైపు నడుస్తాయి. అంతంత మాత్రపు ప్రాణి అంత పెద్ద సముద్రంలోకి దిగడం చూసిన పిల్లవాడు తన పరీక్షను మరో కొలతతో చూస్తాడు.

వీటన్నింటికీ బస్సు కట్టించుకుని వెళ్ళాలని మేము చెప్పడం లేదు. వెళ్తే మంచిదే. కానీ మా మాట రోజువారీ సంగతి గురించి. ఉద్దానంలో ఇంటి వెనుక పనస చెట్టు ఉంది, జీడి తోట ఉంది. విజయనగరం పట్నంలో డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకోవచ్చు. పల్లెలో గెడ్డ ఉంది, కళ్ళం ఉంది. మన చర్చి కాంపౌండ్లలో చాలాచోట్ల పాతకాలం నాటి చింతచెట్లు ఉన్నాయి. ఆ నీడలో ఇప్పుడు మోటారు సైకిళ్ళు నిలబడుతున్నాయి. పిల్లలు కూర్చోవలసిన చోటు అది.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

"మేము ఎండలో వానలో పొలంలో పడ్డ కష్టం పిల్లలు పడకూడదనే కదా చదివిస్తున్నాం? మళ్ళీ చెట్ల కిందకు పంపమంటారేటి?" ఈ మాట మాకు చాలామంది అన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. మన జిల్లాల నుంచి ఎంతమంది విశాఖకు, హైదరాబాదుకు, ఇంకా దూరానికి వలసపోతున్నారో మాకు తెలుసు. మీకు పొలం అంటే నడుము నొప్పి, అప్పు. పిల్లవాడిని మళ్ళీ కూలికి పంపమని మేము అనడం లేదు. కానీ ఆలోచించండి. పగలంతా నాటు వేసి, సాయంత్రం గట్టు మీద కూర్చుని కాస్త అంబలి తాగి చల్లగాలి పీల్చుకున్న ఆ పావుగంట మీకు ఎంత బలమిచ్చింది? అంత కష్టంలోనూ మీకు దొరికిన ఆ పావుగంట, మీ కష్టం వల్ల చదువుకుంటున్న మీ బిడ్డకు దొరకడం లేదు.

"సమయం వృథా కాదా? సిలబస్ ఎలా పూర్తవుతుంది?" రెండు గంటలు ఆపకుండా చదివిన పిల్లవాడి మనసు అలసిపోతుంది. పుస్తకం ఎదుట ఉంటుంది, ఒక్క ముక్క తలకెక్కదు. పుస్తకం మీద మనం బలవంతంగా దృష్టి నిలపాలి. ఆకు మీద వాన చుక్కను చూడడానికి బలవంతం అక్కరలేదు. ఆ కాసేపట్లో అలసిన దృష్టికి విశ్రాంతి దొరుకుతుందని ఈ విషయాన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది రోజులు సంచీ లేని బడి ఉండాలని సూచించింది.

"ఇది వేరే మతపు ధ్యానం కాదా?" సంఘ పెద్దలు కొందరు అడిగే ప్రశ్న ఇది. దాపరికం లేకుండా చెబుతాం. మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట బౌద్ధ సాధన నుంచి వచ్చింది. మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలను మీరు చూసే ఉంటారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ దాన్ని మతంతో సంబంధం లేకుండా దీర్ఘకాలపు నొప్పులతో బాధపడే రోగుల కోసం ఒక పద్ధతిగా మలిచాడు. మేము చెప్పేదానిలో మంత్రం లేదు, ఆసనం లేదు. ఊపిరిని, చెట్టును, పక్షిని గమనించడమే ఉంది.

మన గ్రంథంలో ఇది కొత్తదా? సాయంకాలం పొలంలోకి వెళ్ళి ధ్యానించిన ఇస్సాకు ఉన్నాడు. ఇంకా చీకటుండగానే లేచి జనం లేని చోటికి వెళ్ళి ప్రార్థించిన ప్రభువు ఉన్నాడు. చింతతో నిండిన మనుషులకు ఆయన పక్షులను చూపించాడు, పొలంలో పూసే పువ్వుల సంగతి ఆలోచించమన్నాడు. ఏలీయా సంగతి మరీ గమనించవలసినది. అంత గొప్ప ప్రవక్త అలసిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద పడుకుని ఇక బతుకు చాలనుకున్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. పని లెక్క అడగలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, తిండి పెట్టాడు, నీళ్ళిచ్చాడు. తరువాత కొండ దగ్గరకు నడిపించాడు. గాలిలోనూ భూకంపంలోనూ అగ్నిలోనూ కాక మెల్లని స్వరంలో అతనితో మాట్లాడాడు. అలసిన బిడ్డతో ఎలా వ్యవహరించాలో మనకు ఇంతకంటే మంచి పాఠం లేదు. నిద్ర, తిండి, ఆరుబయట, మెల్లని మాట. మనం చాలాసార్లు మొదలుపెట్టేది గద్దింపుతో.

ఎలా చేయాలి

ఉదయం ఏడింటికి ముందో, సాయంత్రం ఎండ తగ్గాకో ఇరవై నిమిషాలు చాలు. అరగంట దొరికితే మరీ మంచిది.

1. ఫోన్లు ఇంట్లో పెట్టండి. పిల్లవాడిది మాత్రమే కాదు, మీది కూడా.

2. ముందు ఐదు నిమిషాలు నడవనివ్వండి, పరుగెత్తనివ్వండి. పగలంతా కూర్చున్న శరీరం ముందు కదలాలి.

3. తరువాత ఒకచోట కూర్చోండి. కళ్ళు తెరిచే ఉండవచ్చు. ఎన్ని శబ్దాలు వినబడుతున్నాయో మనసులో లెక్కపెట్టమనండి. దగ్గరవి, తరువాత దూరానివి. గోరింక అరుపు, కొబ్బరాకుల చప్పుడు, ఎక్కడో రైలు.

4. ఒక ఆకునో, గులకరాయినో చేతిలో పెట్టుకుని నిదానంగా చూడమనండి. ఈనెలు, అంచులు, పురుగు కొట్టిన చోటు.

5. ఊపిరి మామూలుగా పీల్చి, పీల్చిన దానికంటే కాస్త నెమ్మదిగా వదలమనండి. ఇలా పదిసార్లు. నెమ్మదిగా వదిలే ఊపిరి గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

6. లేచేటప్పుడు ఏం చూశావని ఒక్కసారి అడగండి. చెబితే వినండి. చెప్పకపోతే ఊరుకోండి. దాని మీద వ్యాసం రాయమనకండి, ఫొటో తీసి అందరికీ పంపకండి.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పెద్దమనిషి అయిన తరువాత చాలా ఇళ్ళలో ఆమెకు ఆరుబయలు మూసేస్తాం. అబ్బాయి గట్టు మీదికి వెళ్తాడు, అమ్మాయి వంటింట్లో ఉంటుంది. భద్రత గురించి మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ పెరడు ఉంది, డాబా ఉంది, చర్చి ఆవరణ ఉంది. తల్లి తోడు వెళ్తే ఇద్దరికీ ఆ ఇరవై నిమిషాలు దక్కుతాయి. తల్లికీ అది అవసరమే.

జాగ్రత్తలు

అందరికీ ప్రకృతి ఒకేలా కనబడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రి గాలి శబ్దం విన్న పిల్లలు ఇప్పుడు హైస్కూళ్ళలో, కాలేజీల్లో ఉన్నారు. అలాంటి బిడ్డను గాలి చప్పుడు వింటూ కూర్చోమంటే ప్రశాంతతకు బదులు భయం రావచ్చు. వేటకు వెళ్ళిన తండ్రి కోసం ఎదురుచూసే ఇంట్లో పిల్లకు సముద్రం అంటే దిగులు కావచ్చు. బలవంతం చేయవద్దు. మరో చోటు, మరో పని ఇవ్వండి. మొక్కకు నీళ్ళు పోయడం, మట్టి తవ్వడం వంటి చేతి పని చాలామందికి నెమ్మదినిస్తుంది.

ఏటిలోకి, చెరువులోకి పెద్దలు తోడు లేకుండా దిగనివ్వకండి. ఉరుములు మొదలైతే చెట్టు కింద ఉండకండి, వెంటనే ఇంట్లోకి రండి. మన జిల్లాల్లో పిడుగుల ప్రమాదం ఎక్కువ. పొదల్లో చేతులు పెట్టనివ్వకండి. వెంట మంచినీళ్ళు తీసుకెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యం, ఇది వైద్యానికి బదులు కాదు. రెండు వారాలకు మించి దిగులుగా ఉంటున్నా, స్నేహితులతో మాట్లాడడం మానేసినా, తిండి నిద్ర బాగా తగ్గినా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తోందని నవ్వుతూ అన్నా సరే, చెట్టు కిందకు తీసుకెళ్ళి సరిపెట్టవద్దు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినవారు దొరికారన్న ఊరట కలుగుతుంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు కేలండరు మీద రాసుకోండి.

మనం మార్చుకోవలసినది

తల్లిదండ్రులకు, బడులకు ఇన్ని చెప్పాం గనుక మన సంగతి కూడా చూసుకుందాం. మన సండే స్కూలులో ఏం చేస్తున్నాం? కంఠత వాక్యాల పోటీ, బైబిలు క్విజ్, మొదటి బహుమతి, రెండవ బహుమతి. వారమంతా ర్యాంకులతో నలిగిన పిల్లవాడు ఆదివారం దేవుని మందిరానికి వస్తే అక్కడా ర్యాంకే. వేసవిలో వి.బి.ఎస్. పెడతాం. రేకుల షెడ్డు కింద, మైకు హోరులో, ఉక్కపోతలో. చెట్లేమో బయట నీడ పరుచుకుని నిలబడి ఉంటాయి.

కాబట్టి మా అభిప్రాయం, మా విన్నపం కూడా ఇది. వచ్చే వేసవి వి.బి.ఎస్.లో రోజూ మొదటి అరగంట, ఉదయం చల్లని వేళ, మైకు లేకుండా చెట్ల కింద పెట్టండి. వారానికి ఒక సండే స్కూలు తరగతి ఆవరణలో జరపండి, దానికి బహుమతులు పెట్టకండి. బళ్ళు నడిపే మన సంఘాలవారు ఒంటిపూట బడుల కాలంలో రోజులో మొదటి ఇరవై నిమిషాలు బయట గడపండి. తల్లిదండ్రులు వారానికి ఒక ట్యూషన్ గంట వదులుకోండి. ఒక్క గంట వల్ల ఎవరి భవిష్యత్తూ పాడవదు.

మా వంతు కూడా ఉంది. పరీక్షల కాలంలో కడుపునొప్పితో వచ్చే బిడ్డకు మందుచీటీ రాసేముందు, రోజు ఎలా గడుస్తోందని ఐదు నిమిషాలు అడుగుతాం. టానిక్కు అవసరం లేకపోతే లేదని చెబుతాం. చీటీ మీద "రోజూ సాయంత్రం అరగంట ఆరుబయట, ఫోన్ లేకుండా, పెద్దవారి తోడుతో" అని రాస్తాం. మందుల షాపులో ఇది దొరకదని నవ్వుకోకండి. మా చీటీల్లో ఇది కూడా ఒక మందేనని భావించి వాడి చూడండి.

పిల్లలు మార్కులు తెచ్చుకోవాలి, ఉద్యోగాలు చేయాలి, మిమ్మల్ని చూసుకోవాలి. ఆ కోరిక తప్పు కాదు. కానీ దానికంటే ముందు వాళ్ళు బతికి ఉండాలి, బతకాలనే ఇష్టంతో ఉండాలి. ఆ ఇష్టం పిల్లలకు పుస్తకంలోంచి కాక, తమ పక్కన ఏమీ అడగకుండా కూర్చున్న అమ్మానాన్నల దగ్గర, ఎదురుగా ఎగురుతున్న పక్షి దగ్గర దొరుకుతుంది. ఈ రోజు సాయంత్రమే మొదలుపెట్టండి.

దేవుడు మీ ఇళ్ళను, మీ బిడ్డలను కాపాడును గాక.